మాటు బట్టలు ఇంట్లోనే కుట్టుకుంటానన్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

అక్టోబరులో విల్లుతో తెల్లతోక జింకల వేటకు వస్తానని, జింక కంట పడకుండా అడవి రంగులో కలిసిపోయే మాటు బట్టలు నువ్వే తయారు చేసుకుంటానని రాశావు. చాలా సంతోషం. ఇన్నేళ్లుగా పెన్సిల్వేనియా అడవుల్లో తిరుగుతున్నాను. ఆకుల బొమ్మలు అచ్చువేసిన ఖరీదైన చొక్కా కంటే మనకు బాస్మతి బియ్యం వచ్చే గోనెసంచే మేలని నా నమ్మకం.

ముందు జింక కన్ను సంగతి తెలుసుకో. నారింజ, ఎరుపు రంగులు మనకు కొట్టొచ్చినట్టు దానికి కనిపించవు. నీలం మాత్రం మనకంటే బాగా కనిపిస్తుంది. మన కంటి కటకం ఆపేసే అతినీలలోహిత కాంతి దాని కంటిలోకి చాలావరకు వెళ్తుంది. అందుకే జీన్స్ ప్యాంటు వద్దు. అంతకంటే చెరుపు చేసేది సబ్బుపొడి. తెలుపు మెరవడానికి అందులో కలిపే రసాయనం వల్ల, తెల్లవారుజాము మసకలో నీ ఆకుపచ్చ చొక్కా కూడా జింకకు మెరుస్తూ కనబడుతుంది. గోనెనూ, లోపలి బట్టలనూ వంటసోడాతోనే ఉతుకు.

రంగుకు నల్ల వాల్‌నట్ తొక్కలు చాలు. రాలిన కాయల మీది పచ్చతొక్క ఒలిచి, మళ్లీ వంటకు వాడని పాత గిన్నెలో గంటసేపు మరిగించు. పటిక కలపనవసరం లేదు, నార ఆ రంగును దానంతట అదే పట్టుకుంటుంది. చేతులకు తొడుగులు మరచిపోకు, మరక చాలా రోజులు పోదు. గోనెను ముక్కలు చేసి ఆ రంగునీళ్లలో వేయి, ముక్కలన్నీ ఒకేసారి తీయవద్దు. కొన్ని పది నిమిషాలకు, కొన్ని గంటకు, మిగతావి మర్నాడు తీస్తే ఎండుగడ్డి రంగు నుంచి తడి బెరడు రంగు దాకా అన్ని ఛాయలూ వస్తాయి. ఒకే రంగు గోనె కప్పుకుంటే మనిషి ఆకారం అలాగే నిలబడుతుంది.

వాటిని జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు పీలికలుగా కోసి, అడ్డపోగులు సగం లాగేసి, టోపీకి, చొక్కా భుజాలకు, వీపుకు వత్తుగా కుట్టు. ఛాతీ మీద, విల్లు పట్టే చేతి మీద ఒక్కటి కూడా వద్దు. మొదటి ఏడాది నేను ఆ తప్పు చేశాను. వింటి నారి పీలికకు తగిలి బాణం గతి తప్పింది. జింక గాయంతో పారిపోయింది. చీకటి పడేదాకా వెతికినా దొరకలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

కుట్టిన చొక్కాను ఇంట్లో వేలాడదీయకు, తాలింపు వాసన పట్టేస్తుంది. ఎండుటాకులతో పాటు మూత ఉన్న డబ్బాలో పెట్టు. అడవిలో గాలి జింక వైపు నుంచి నీ వైపుకు వీచేచోటే కూర్చో. గోనె నార నిప్పుకు భగ్గుమంటుంది, చలికాచుకునే మంట దగ్గరికి దానితో పోవద్దు.

తుపాకుల కాలం మొదలయ్యాక మాత్రం తల, ఛాతీ, వీపుల మీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు తప్పనిసరి. దాని మీద పీలికలు పడనివ్వకు. అది జింక కోసం కాదు, తోటి వేటగాడికి నువ్వు కనబడటానికి.

మా పెరటి వెనుక వాల్‌నట్ కాయలు రాలడం మొదలైంది. ఏరి బస్తాలో ఉంచుతాను, ఆదివారం పాత గిన్నె పట్టుకుని రా.

మీ మామయ్య