ఏడో పేజీ నుంచి మొదలుపెట్టు

తమ్ముడూ,

నువ్వు పంపిన తుఫాను కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీ దగ్గర చిరాకొచ్చి పక్కన పెట్టేశాను. 1996 నవంబరు 6 రాత్రి, కోనసీమ మీద తుఫాను పడినప్పుడు నీకు ఐదేళ్ళు. ఐదేళ్ళ పిల్లాడు గాలి ఎటు నుంచి ఎటు తిరిగిందో, తాతయ్య ఏమన్నాడో, దానికి అమ్మమ్మ ఏం చెప్పిందో, దొడ్లో ఏ చెట్టు తర్వాత ఏ చెట్టు పడిందో అంతా వరసగా చెప్పుకుపోతుంటే ఎలా నమ్మమంటావు? పైగా 'ఆ రాత్రి నా కళ్ళ ముందు సినిమా రీలులా తిరిగింది' అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్. ఎవరి కళ్ళ ముందూ ఏదీ రీలులా తిరగదు.

రెండోసారి ఏడో పేజీ దాకా వెళ్ళాను. 'తడిసిన కొబ్బరిపీచు వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి మంచంకోడు కోసం వెతుక్కుంటుంది' అని రాశావు. అక్కడ ఆగిపోయి, పుస్తకం మూసినట్టు కాగితాలు మూసి, కాసేపు అరుగు మీద కూర్చున్నాను. నీ కథ అది. మిగతాదంతా అమ్మమ్మ దగ్గర విన్నదీ, పేపర్లో చదివిందీ కలిపి కుట్టింది.

ఆ వాక్యం అంత బలంగా ఎందుకుందో తెలుసా? చూసినవీ విన్నవీ మెదడులో థాలమస్ అనే కూడలి దాటి లోపలికి వెళ్తాయి. వాసనకి ఆ మజిలీ లేదు, నేరుగా అమిగ్డలాకి చేరే దారుంది. బాదంగింజలా ఉండే ఆ చిన్న ముక్కే భయాన్ని గుర్తుపట్టేది. దాన్ని ఆనుకునే హిప్పోక్యాంపస్, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అన్నవాటిని ఒక చోట ముడివేసేది. బాగా భయపడినప్పుడు మనసు పట్టుకున్న ఒకటి రెండు గట్టిగా అచ్చుపడతాయి, చుట్టూ ఉన్నవి జారిపోతాయి. నీకు మంచంకోడు మిగిలింది, తాతయ్య మాటలు మిగల్లేదు. మిగలనిదాన్ని నువ్వు సంభాషణలతో పూడ్చావు. నా కోపమంతా దాని మీదే.

ఇంకో సంగతి చెప్పాలి. 1986 ఆగస్టులో గోదారికి వరదొచ్చింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. నాకు తొమ్మిదేళ్ళు, మాది గోదారి నడుమ లంక ఊరు. మా నాన్న నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని గుండెల్లోతు ఎర్రనీళ్ళలో ఏటిగట్టు దాకా మోసుకెళ్ళాడు. ఆయన తలకి చుట్టుకున్న తువ్వాలు గళ్ళు కూడా నాకు గుర్తు. నాన్న చనిపోయిన ఏడాదికి దాన్ని కథగా రాశాను. అచ్చయ్యాక మా అక్క చదివి, చాలాసేపు ఊరుకుని, "ఆ రోజు నాన్న ఊళ్ళో లేడురా, రాజమండ్రిలో ఉండిపోయాడు. నిన్ను మోసింది మావయ్య" అంది. నేను పోట్లాడాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే నాన్నే కనిపిస్తాడు.

అదే 1986 జనవరిలో అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మర్నాడే విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించి దాచాడు. రెండున్నరేళ్ళ తర్వాత 44 మందిని మళ్ళీ అడిగితే 11 మంది చెప్పింది మొత్తానికి మొత్తం తప్పు. వాళ్ళలో కొందరైతే గట్టి నమ్మకంతోనే చెప్పారు. వాళ్ళ చేతిరాతే చూపించినా పాతది తిరిగి గుర్తుకు రాలేదు. 2000లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలూ ఆ దారినే నడిచాయి. పాత భయాన్ని ఒకసారి గుర్తుకు తెస్తే అది మళ్ళీ మెత్తబడుతుంది, అప్పుడు మెదడు దాన్ని తిరిగి గట్టిపరుచుకోవాలి. అంటే తలుచుకున్న ప్రతిసారీ కొంత కొత్తగా కడుతున్నాం, ఆ రోజున్న దిగులుతోనో ప్రేమతోనో. నాన్న లేని ఏడాది, మావయ్య భుజాల మీద నాన్న తల పెట్టింది నేనే.

అక్క మాట విన్నాక ఆ కథని మళ్ళీ రాశాను, మోసింది ఎవరో తెలియనట్టే. ఒక వారపత్రిక ఎడిటరు 'ఇక్కడ స్పష్టత లేదు' అని ఎర్రసిరాతో గీసి, వరదని మొదటి నుంచి చివరిదాకా వరసలో పెట్టి, మోసినవాడికి నాలుగు డైలాగులు రాసి వేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఇరవయ్యేళ్ళయినా ఆ సంచిక నా చేత్తో తెరవలేదు. ఇప్పుడు కథల పోటీలవాళ్ళు కూడా అంతే, ఫ్లాష్‌బ్యాక్ కావాలి, అది నీటుగా ఉండాలి అంటారు. వాళ్ళ కోసం నువ్వు నీ ఏడో పేజీని పాడుచెయ్యకు.

ముందు ఒక పని చెయ్యి. అమ్మమ్మని ఇంకేమీ అడక్కు. ఆవిడ చెప్పే ప్రతి మాటా నీ జ్ఞాపకంలో కలిసిపోయి, రేపటికి నువ్వే చూసినట్టు అయిపోతుంది. నీ దగ్గర ఉన్నదంతా, ముక్కలుగా ఉన్నా సరే, కాగితం మీద పెట్టు. పెట్టాకే ఆవిడ దగ్గర కూర్చో. రెండింటికీ తేడా వచ్చిన చోట దిద్దకు, రెండూ ఉంచు. ఇప్పుడు ముప్పై దాటిన నువ్వు ఆ రాత్రిని ఎందుకు తలుచుకుంటున్నావో కూడా కథలోకి రావాలి. అది నీ ఉత్తరంలో ఉంది, కథలో లేదు.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.

ఒకటి అడగాలి. మంచం కింద నీ రెండో చెయ్యి ఎవరో పట్టుకున్నారని రాసి వదిలేశావు. ఎవరది? గుర్తులేకపోతే అమ్మమ్మనీ తాతయ్యనీ తెచ్చి అక్కడ పెట్టకు, ఆ చెయ్యి ఎవరిదో గుర్తులేదనే రాసి పంపు.