లెగ్గు విప్పే ముందు ఇది చదువు

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవించి రాస్తున్నది.

పాత 9.9 హార్స్‌పవర్ రెండు స్ట్రోకుల బోటు మోటారు కొన్నావనీ, చేపల వేట నిషేధం రోజుల్లో దాన్ని నువ్వే విప్పి బాగుచేసుకుంటానంటున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. చెబుతున్నంతసేపూ దాని గొంతులో సంతోషమూ భయమూ రెండూ వినిపించాయి. నాకూ అలాగే ఉంది. నీ ఇంజను లోపల ఏముందో నీకు తెలిసి ఉండాలనుకోవడం చాలా మంచి పని. కానీ భైరవపాలెం మొగ, అదే గోదావరి సముద్రంలో కలిసే చోటు, దాటేటప్పుడు కెరటాల మధ్య ఇంజను ఆగిపోతే బోటు అడ్డం తిరగడానికి ఎంతసేపు పడుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కాగితం మీద పెడుతున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నీ చేతిలో ఉన్నాయి. తొందరపడకు.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. ప్లగ్గులు రెండూ కొత్తవి వెయ్యి, గ్యాప్ పుస్తకంలో చెప్పినంతే ఉంచు, ముందు చేత్తో తిప్పి ఆ తర్వాతే పానా పెట్టు. తీసిన పాత ప్లగ్గులు పారేయకుండా రంగు చూడు: కాఫీ రంగైతే సరే, నల్లగా తడిగా ఉంటే నూనె ఎక్కువో ఇంజను చల్లగానే నడుస్తోందో, తెల్లగా ఉంటే వేడెక్కుతోంది. లెగ్గు, అంటే మోటారు నీళ్ళలోకి దిగే కింది భాగం, దాని మీది జింక్ ముక్క సగం అరిగితే మార్చు, దానికి రంగు మాత్రం పూయకు. పూస్తే ఉప్పు దాన్ని వదిలేసి అల్యూమినియాన్ని తింటుంది. ప్రొపెల్లర్ తీసి షాఫ్టుకి నీళ్ళకి కరగని గ్రీజు రాయి. స్టార్టింగ్ తాడు నలిగితే మార్చు.

పెట్రోలు సంగతి దగ్గర కాస్త ఆగు. నూనె లీటరుకి 20 మిల్లీలీటర్లు, 24 లీటర్ల ట్యాంకుకి 480. కొలిచి పొయ్యి, కంటి అంచనా వద్దు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న నూనే కొను. స్కూటర్లకి పోసే నూనె గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. నీళ్ళతో చల్లబడే దీన్లో పోస్తే ప్లగ్గుల మీదా పిస్టన్ మీదా మసి పేరుకుంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాల్లో తడిని పీల్చుకుంటుంది. తడి ఎక్కువైతే ఇథనాలూ నీళ్ళూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. నువ్వు కలిపిన నూనె మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. పైపు పీల్చేది అడుగునుంచి కదా! అంటే నూనె చుక్క లేకుండా ఇంజను తిరుగుతుందన్నమాట. కాబట్టి కలిపిన పెట్రోలు రెండు మూడు వారాలకి మించి ఉంచకు. నిషేధానికి ముందు మిగిలింది ఉంటే అది ఈ ఇంజనులో పొయ్యకు.

ఇంకోటి. పది నిమిషాలు బాగా నడిచి ఇంజను ఆగిపోతే, పైపు మీది రబ్బరు బల్బు నొక్కుకుపోయి కనిపిస్తే, ముందు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ చూడు. అది బిగించే ఉంటే లోపల గాలి ఆడక పెట్రోలు రాదు. ఎంతోమంది దీనికే కార్బురేటర్ విప్పేస్తారు.

ఇప్పుడు నీకు కోపం వచ్చే మాట. ఇంటికి తెచ్చిన రోజే మోటారుని ఒడ్డు మీద, నీళ్ళు లేకుండా స్టార్ట్ చేసి వీధి వీధికీ చప్పుడు వినిపించావట కదా. ఎందుకురా అంత ఆత్రం? లెగ్గు లోపల నీళ్ళ పంపు ఉంటుంది. అందులో తిరిగి నీళ్ళని పైకి తోసే చక్రమే ఇంపెల్లర్, దాని రబ్బరు రెక్కలకి నీళ్ళే తడి, నీళ్ళే గ్రీజు. పొడిగా తిరిగితే పంపు గిన్నె గోడకి రాసుకుని కొన్ని సెకన్లలోనే కాలి మొద్దుబారిపోతాయి. పాత రబ్బరైతే చివర్లు తెగుతాయి. అందుకని నువ్వు చెయ్యాల్సిన మొదటి పెద్ద పని అదే. మిగతావన్నీ వారం ఆగినా ఫర్వాలేదు.

లెగ్గు పట్టి ఉంచే బోల్టులు ఉప్పుకి బిగుసుకుపోయి ఉంటాయి. రెండు రాత్రులు తుప్పు వదిలే నూనె పోసి ఉంచు. పానాతో ఒక్కసారిగా వంచకు, కొంచెం వదులు, కొంచెం బిగించు, మళ్ళీ వదులు. తల తెగితే డ్రిల్ పెట్టి తియ్యాలి, అది మొదటిసారి చేసేవాళ్ళ పని కాదు. గేర్ రాడ్డు జాయింటు విప్పడం మరిచిపోయి లెగ్గుని లాగకు. లెగ్గు దిగాక పంపు పెట్టె పై బోల్టులు తీసి పైకి లాగితే ఇంపెల్లర్ కనిపిస్తుంది. షాఫ్టు గాడిలో చిన్న తాళం ముక్క ఉంటుంది, కింద పడితే ఇసుకలో దొరకదు. గోనె సంచి పరిచి దాని మీద పని చెయ్యి.

ఇక్కడే ఒకసారి నా మోటారుతో నేను తప్పు చేశాను. ఇంపెల్లర్ రెక్కలు ఆరున్నాయి, అందులో రెండింటికి చివర్లు లేవు. పాతది పారేసి కొత్తది వేశాను, డ్రమ్ములో పెట్టి చూస్తే ఇంజను వెనక నీళ్ళ ధార వస్తోంది, సరిపోయిందనుకుని బిగించేశాను. తెగిన ముక్కలు ఎక్కడికి పోయాయని అడగలేదు. పంపు నుంచి బయల్దేరింది ఏదైనా నీళ్ళతోపాటు పైకే పోతుంది. ఆ ముక్కలు నిలువు గొట్టంలోనుంచి సిలిండర్ల చుట్టూ ఉండే సందుల్లోకి వెళ్ళి, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక నీళ్ళకి దారి తెరిచేది) దగ్గర దారి ఇరుకైన చోట కూర్చున్నాయి. వెనక ధారకి నీళ్ళు ఆ ఇరుక్కి ముందే చీలిపోతాయి కాబట్టి ధార వస్తూనే ఉంది. నెమ్మదిగా నడిపితే ఆ కాస్త నీళ్ళూ సరిపోయాయి. పాటు మీద, అంటే నీళ్ళు సముద్రంలోకి లాగేటప్పుడు, మొగ దగ్గర పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చాక వేడి ఆగలేదు. వేడెక్కిన పిస్టన్ ఉబ్బి సిలిండరు గోడని పట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంజను దానంతటదే మందగించింది. పెట్రోలు అందట్లేదేమో అనుకుని బల్బు నొక్కి, ఇంకా యాక్సిలరేటర్ ఇచ్చాను. ముక్కలు వదిలెయ్యడం కన్నా అది పెద్ద తప్పు. పై సిలిండరు అక్కడే పట్టేసింది. బోటులో రెండు తెడ్లు ఉన్నాయి కాబట్టి బయటపడ్డాం.

ఇంజన్లు రాకముందు మన పెద్దవాళ్ళు ఆ మొగని తెరచాపతో, తెడ్లతో దాటేవారు. పోటు ఎప్పుడు తిరుగుతుందో, గాలి ఎటు మళ్ళుతుందో చూసి బయల్దేరేవారు. మీ తాత తెడ్డు అటక మీద ఇంకా ఉంది, దించి బోటులో పెట్టుకో. ఇంజను ఎంత బాగున్నా తియ్యొద్దు.

కాబట్టి పాత ఇంపెల్లర్ని తెల్లగుడ్డ మీద పెట్టు. దొరికిన ప్రతి ముక్కనీ పగిలిన పళ్ళెం అతికించినట్టు దాని పక్కన పేర్చు. ఆరు రెక్కలూ పూర్తయ్యేదాకా లెగ్గు తిరిగి ఎక్కించకు. పంపు పెట్టెలో లేకపోతే నిలువు గొట్టంలో చూడు, అక్కడా లేకపోతే థర్మోస్టాట్ మూత విప్పి, పైనుంచి కిందికి పైపుతో మంచినీళ్ళు గట్టిగా కొట్టు. వచ్చిన దారినే వెనక్కి వస్తాయి. థర్మోస్టాట్ చేతిలోకి వచ్చింది కదా, దారం కట్టి గిన్నె నీళ్ళలో వేలాడదీసి వేడిచెయ్యి. చెయ్యి పెట్టలేనంత వేడి వచ్చేసరికి తెరుచుకోవాలి. నీళ్ళు మరిగినా తెరుచుకోకపోతే కొత్తది కొను.

కొత్త ఇంపెల్లర్ వేసేముందు పంపు అడుగు పలక మీద గోరు గీసి చూడు. గోరు గాడిలో పడితే పలక కూడా మార్చాలి. పంపు గిన్నెలోపల కాస్త సబ్బునీళ్ళు రాసి, పెట్టెని కిందికి నొక్కుతూ షాఫ్టుని పైనుంచి చూస్తే గడియారం ముళ్ళు తిరిగే వైపు తిప్పు, రెక్కలు సరైన వైపు వంగుతాయి. షాఫ్టు పళ్ళ పక్కలకి గ్రీజు రాయి, పైకొన మీద మాత్రం వద్దు. అక్కడ గ్రీజు చేరితే షాఫ్టు పూర్తిగా పైకి కూర్చోదు. లెగ్గు ఎక్కించేటప్పుడు నీళ్ళ గొట్టం దాని రబ్బరు రంధ్రంలో దిగిందో లేదో వేలితో తడుము. గోదావరి ఎర్రనీళ్ళు వచ్చే జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సన్న ఇసుక ఈ రెక్కల్ని అరగదీస్తుంది. అందరూ ఏడాదికొకసారి మార్చమంటారు, మొగలో తిరిగే బోటుకి ఆరునెలలకే మార్చు.

నీళ్ళ మీద ఉండగా ఇంజను దానంతటదే మందగించినా, కాలిన రంగు వాసన వచ్చినా, ధార బదులు ఆవిరి కనిపించినా, వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి ఆపెయ్యి. బల్బు తర్వాత నొక్కచ్చు. నీళ్ళు పీల్చే జల్లెడకి ప్లాస్టిక్ సంచీ నాచూ చుట్టుకుందేమో చూసి, ధార వచ్చే కంతలో సన్న నైలాను తాడు పెట్టి తియ్యి. చల్లారేదాకా స్టార్ట్ చెయ్యకు.

వేట నుంచి వచ్చాక ఇంజనుకి మంచినీళ్ళు పట్టించడం నీకు తెలుసు కానీ నువ్వు రెండు నిమిషాలతో ఊరుకుంటావు. థర్మోస్టాట్ తెరుచుకోకముందు సిలిండర్ల చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళు పూర్తిగా మారవు. ప్రొపెల్లర్ తీసేసి, డ్రమ్ములో నీళ్ళు ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డపలక కన్నా జానెడు ఎత్తున ఉంచి, న్యూట్రల్లో నెమ్మదిగా 10 నుంచి 15 నిమిషాలు నడుపు. తర్వాత ఇంజనుని నిలబెట్టే ఉంచు. లెగ్గు ఎత్తులో, తల కిందికి ఉండేలా పడుకోబెడితే మిగిలిన నీళ్ళు సిలిండర్లోకి దిగుతాయి.

గేర్ ఆయిల్ మార్చే ముందురోజు ఇంజను నిలబెట్టి ఉంచి, పొద్దున్నే కింది స్క్రూ వదులు చెయ్యి. ముందు నీళ్ళొచ్చినా, నూనె పాలలా తెల్లగా ఉన్నా సీలు (నీళ్ళు లోపలికి రాకుండా ఆపే రింగు) పోయింది. చాలాసార్లు దోషి వల దారమే. ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని లోపలికి దూరి సీలుని కోసేస్తుంది, ప్రతి వారం అక్కడ చూడు. కొత్త నూనె కింది కంతలోనుంచే ఎక్కించు, ఈ సైజుకి పావు లీటరు అటూఇటూ పడుతుంది. పై కంతలోనుంచి నూనె కారాక, ముందుగా పై స్క్రూ బిగించి, తర్వాతే కింది ట్యూబు తీసి కింది స్క్రూ పెట్టు. వాషర్లు కొత్తవి వెయ్యి.

ఒకవేళ కెరటం తిప్పేసి ఇంజను మునిగిందనుకో. నడుస్తుండగా మునిగితే తాడు గట్టిగా లాగకు, లోపల రాడ్డు వంగి ఉండచ్చు. ఒడ్డుకి తేగానే మంచినీళ్ళతో కడిగి, ప్లగ్గులు తీసి, కంతలు కిందికి ఉండేలా వంచి నీళ్ళు కార్చు. సులువుగా తిరిగితే రెండు చెంచాల రెండు స్ట్రోకుల నూనె పోసి ఒకటి రెండు గంటల్లో నడపాలి. కుదరకపోతే మోటారంతా మంచినీళ్ళ డ్రమ్ములో ముంచి మెకానిక్కు వచ్చేదాకా అలాగే ఉంచు. బయట ఆరబెడితే గాలి తగిలి బేరింగులు తుప్పు పడతాయి.

ఆ ఎర్ర తాడు ఉంటుందే, అది లాగితే ఇంజను ఆగుతుంది. అడ్డమొస్తోందని మోటారుకే చుట్టేసి నడుపుతున్నారు మీ వయసు పిల్లలు. నువ్వు మాత్రం చేతికి కట్టుకో. నువ్వు నీళ్ళలో పడితే బోటు నీ మీదికి తిరిగి రాకుండా ఆపేది అదొక్కటే. తీర రక్షక దళం నంబరు 1554, ఫోన్లో ఎక్కించుకో.

ఈ ఆదివారం బస్సులో చిన్న పెట్టె పంపిస్తున్నాను. ఇంపెల్లర్ కిట్టు, వాషర్లు, గ్రీజు డబ్బా, రెండు కాటర్ పిన్నులు, నూనె కొలిచే గ్లాసు పెట్టాను. లెగ్గు విప్పిన రోజు ముక్కలన్నీ తెల్లగుడ్డ మీద పేర్చి ఫోటో తీసి పంపు. చూసి నేను సరే అన్నాకే బిగించు.

మీ మావయ్య