గూస్ బాతుల్లో మెత్తని కొవ్వు: తప్పు పీచుది కాదు

ప్రశ్న: పది వారాల వయసున్న గూస్ బాతులకు పచ్చగడ్డితో పాటు నూకలు 60 పాళ్లు, మిల్లు తవుడు 40 పాళ్లు కలిపి పెడుతున్నాను. కోసినప్పుడు కొవ్వు పసుపుగా, గడ్డకట్టకుండా ఉండి, పాత నూనె వాసన వస్తోంది. తవుడులోని పీచు వల్ల కాలేయం చెడిందని దాణా దుకాణంలో లివర్ టానిక్ ఇచ్చారు. ఎన్నాళ్లు వాడాలి? – ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: టానిక్ వెంటనే ఆపండి. పీచు కొవ్వును మెత్తబరచదు; దాణాలోని శక్తిని పలుచన చేసి పొట్టలో పేరుకునే కొవ్వును తగ్గిస్తుంది. గట్టి కందనకాయ ఉన్న ఈ పక్షులు పెరిగే దశలో 5 నుంచి 8 శాతం పీచును బాగానే తట్టుకుంటాయి. మీ సమస్య తవుడులోని నూనె. మీది పాలిష్ తవుడు (ఊక తీసిన బియ్యాన్ని పాలిష్ చేసినప్పుడు వచ్చేది) అయితే, అందులో సుమారు 15 శాతం నూనె ఉంటుంది కాబట్టి, మీరు ప్రతి వంద కిలోల దాణాలో ఆరు కిలోల నూనె కలుపుతున్నట్టే. అందులో అధిక భాగం ఒలీక్, లినోలిక్ ఆమ్లాలు. బాతు తిన్న ఈ అసంతృప్త (మామూలు వేడిలో గడ్డకట్టని) కొవ్వులు పెద్దగా మారకుండానే దాని ఒంట్లోకి చేరతాయి. గూస్ కొవ్వు సహజంగానే మెత్తన, దానికి ఇది తోడైంది. తవుడు నిల్వ ఉంటే అందులోని లైపేజ్ ఎంజైము నూనెను విడగొట్టి త్వరగా చెడగొడుతుంది, వాసన అక్కడిదే. పసుపు రంగు పచ్చగడ్డి వల్ల వచ్చినదే, దానితో హాని లేదు.

పైగా మీ దాణాలో మాంసకృత్తులు 10 శాతానికి మించవు. నాలుగు వారాలు దాటిన బాతులకు 15 శాతం కావాలి. ఈ లోటు వల్ల కండకు బదులు కొవ్వు పెరుగుతుంది.

వంద కిలోలకు నూకలు లేదా మొక్కజొన్న 60, నూనె తీసిన తవుడు 21.5, సోయా చెక్క 15, ఖనిజ మిశ్రమం 3 కిలోలు, ఉప్పు 300 గ్రాములు, విటమిన్ మిశ్రమం 200 గ్రాములు కలపండి. కోతకు ముందు కనీసం నాలుగు వారాలు ఇదే పెట్టాలి. చివరి వారంలో మార్చితే ఫలితం ఉండదు. పచ్చగడ్డి, కందనకాయలో మేత నూరుకోవడానికి పెట్టే సన్న రాళ్లు యథాతథంగా ఉంచండి.

కాలేయం నిజంగా పాలిపోయి ఉబ్బి ఉంటే బూజు పట్టిన దాణాలోని అఫ్లాటాక్సిన్‌ను అనుమానించాలి, దానికీ టానిక్ మందు కాదు. సీసా అమ్మేవారి మాట నమ్మే ముందు తవుడును పరీక్షించవద్దా? హల్లర్ మిల్లు (ఊక, తవుడు ఒకేసారి తీసే పాతరకం మిల్లు) తవుడులో ఊక కలిసి నూనె తగ్గి పీచు పెరుగుతుంది, పాలిష్ తవుడు ఇందుకు భిన్నం. కంటితో చూసి చెప్పలేము. బస్తా పైన, మధ్య, అడుగు నుంచి తీసి కలిపిన అరకిలో నమూనాను దగ్గరి పశువైద్య కళాశాల పశుపోషణ విభాగానికి పంపి, ముడి కొవ్వు, ముడి పీచు, ఆమ్లంలో కరగని బూడిద (ఊక, ఇసుక కలిశాయేమో తెలిపేది), ఈ మూడూ చూడమని అడగండి.