బొమ్మ ఏనుగు కాళ్లు ఎందుకు విచ్చుకున్నాయంటే

చిరంజీవి అమ్మాయికి,

దీవెనలు. నువ్వు పంపిన ఏనుగు బొమ్మనూ, దాని గుడ్డ కత్తిరించడానికి నువ్వు గీసిన కాగితం ముక్కలనూ బల్ల మీద పరిచి చూశాను. నీ కుట్టుకు వంక పెట్టక్కర్లేదు. కాళ్లు విచ్చుకుని పొట్ట మీద కూలబడటం, తొండం మెలిపడటం, తల ముందుకు వాలటం, ఈ మూడు తప్పులూ కాగితంలోనే ఉన్నాయి. దూది ఇంకాస్త కూరితే సర్దుకుంటుందనుకుని ఉంటావు. కూరినకొద్దీ తప్పు ఇంకా బయటపడుతుంది తల్లీ. సూది పక్కన పెట్టి పెన్సిలూ టేపూ తీసుకో.

ముందు కొలత సంగతి. ఎప్పుడూ కుట్టు గీత మీదే కొలవాలి, కత్తిరించిన అంచు మీద కాదు. కాలు దూది నిండాక 3 సెంటీమీటర్ల మందం రావాలనుకో, దాని చుట్టుకొలత 9.4. రెండు ముక్కలు కలిస్తే ఒక కాలు కాబట్టి ఒక్కో ముక్క వెడల్పు 4.7. రెండు పక్కలా కుట్టు గీతకు బయట 6 మిల్లీమీటర్ల గుడ్డ, అంటే మార్జిన్, వదిలితే 5.9. నువ్వు 3 కావాలని 3 వెడల్పే గీశావు. నిండేసరికి అది 2 సెంటీమీటర్లకు లోపే అయింది, బరువు మోయలేకపోయింది. పాదం కింది గుండ్రటి ముక్క కూడా అంతే. కుట్టు గీత దగ్గర 3 అడ్డుకొలత, కత్తిరించేది 4.2. అంచులు కొలిస్తే గుండ్రానికి 13.2, కాలి ముక్కలు రెండింటికీ కలిపి 11.8 వస్తుంది. ఆ తేడా చూసి గుండ్రాన్ని తగ్గించావంటే పాదం చుట్టూ ముడతలే. కుట్టు గీత మీద రెండూ 9.4, అవి చక్కగా కలుస్తాయి.

ఇక కాళ్లు విచ్చుకోవడం. కాళ్ల లోపలివైపుతో కలిసి వచ్చే పొట్ట ముక్క వెడల్పుగా ఉంటే అది కాళ్లను పక్కలకు నెట్టేస్తుంది. కాలు పొట్టను కలిసే చోట, లోపలి ముక్క మీద మాత్రమే, జాకెట్టుకు వేసినట్టు ఒక డాట్ వెయ్యి, అంటే గుడ్డను మడిచి ఆ మడతను కుట్టెయ్యి. మధ్యలో 8 మిల్లీమీటర్లు చాలు, రెండు చివరలా సున్నాకు దిగిపోవాలి. దాంతో కాలు లోపలికి వంగి ఒంటి కిందకు వస్తుంది. నాలుగు కాళ్లకూ వెయ్యి. వెనక కాళ్లకే వేస్తే బొమ్మ కుక్కలా కూర్చున్నట్టుంటుంది.

తొండం మెలిపడింది గుడ్డ వల్ల. ఒక పక్క ముక్క నిలువు పోగు మీద, రెండోది గుడ్డ మిగిల్చుకోవాలని కాస్త క్రాస్‌గా, పోగుకు ఏటవాలుగా కత్తిరించావు. క్రాస్‌గా ఉన్నది సాగుతుంది, రెండోది సాగదు. కాగితం మీద బాణం గుర్తు గీసుకుని రెండిటికీ పోగు ఒకే వైపు ఉండేలా పెట్టు, రెండోసారి కాగితాన్ని తిరగేసి గీయడం మరిచిపోకు. మిషన్ కింది పొరను పైపొర కంటే ఎక్కువ లాగుతుంది. అందుకని తొండం రెండు కుట్లూ నుదుటి వైపు నుంచే మొదలుపెట్టు, ఒకటి అటూ ఒకటి ఇటూ వద్దు. ప్రతి 4 సెంటీమీటర్లకూ జత గుర్తులు పెట్టుకుని టాకాలు వెయ్యి. లోపలికి వంగిన చోట కుట్టుకు 2 మిల్లీమీటర్లు ఆపి చిన్న కాట్లు పెట్టు, లేదంటే తిరగేశాక అక్కడ గుడ్డ బిగిసిపోతుంది.

తల వాలటానికి కారణం సన్నటి మెడ. తల 9 ఎత్తుంటే మెడ 5 గీశావు, కనీసం 6 చెయ్యి. అక్కడ దూది గట్టిగా ఉండాలి. తొండం కొస, పాదాలు ముందు నింపి, మెడను ఆఖరున మళ్లీ ఓసారి పిసికి చూసి నింపు. బొమ్మను తిరగేసి దూది కూరడానికి కుట్టకుండా వదిలే సందు 6 సెంటీమీటర్లు, పొట్ట మధ్య తిన్నని కుట్టులో వదులు. వంపులో వదిలితే చేత్తో మూసినప్పుడు ఆ వంపు పోతుంది.

మార్పులు ఊహించి చెయ్యొద్దు. పాత దుప్పటి గుడ్డతో నమూనా కుట్టి నింపు. ఎక్కడ ఉబ్బిందో అక్కడ గుడ్డను గిల్లి గుండుసూది పెట్టు. ఆ గిల్లినదే డాట్. ఎక్కడ లోతుకు పోయిందో అక్కడ కత్తితో చీల్చి, ఎంత విడిపోయిందో కొలిచి, కాగితాన్ని అంతే విడదీసి అతికించు. స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, కుట్లు విప్పి, ముక్కను చదునుగా పరిచి కొత్త కాగితం మీదకు ఎక్కించు. ఒక ముక్క అంచు మారిందంటే దాన్ని ఆనుకుని కుట్టే ముక్క అంచు కూడా మార్చాలి. అందరూ మరిచిపోయేది ఇదే. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

పెద్ద ఏనుగు కావాలని జిరాక్స్‌లో 150 శాతం పెంచుతానన్నావు. మార్జిన్ తీసేసిన కాగితాన్నే పెంచు, తరవాత 6 మిల్లీమీటర్లు కలుపుకో. లేదంటే మార్జిన్ కూడా 9 అయిపోతుంది. దూది ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్లకు పైనే పడుతుంది. 100 గ్రాములు పట్టినదానికి 340 దాకా కొని ఉంచుకో. పత్తి వద్దు, ఉతికితే ఉండలు కడుతుంది. ఫైబర్ దూదిని చిన్న చిన్న పింజలుగా విడదీసి వాడు.

జర్మనీలో బొమ్మల కంపెనీ పెట్టిన మార్గరెట్ స్టైఫ్ 1880లో బొమ్మలు మొదలుపెట్టింది కూడా ఏనుగుతోనే, సూదులు గుచ్చి పెట్టుకోవడానికి ఫెల్ట్‌తో, అంటే నేయకుండా ఉన్నిని అదిమి చేసే గుడ్డతో, కుట్టిన ఏనుగు. ఫెల్ట్‌కు పోగులు ఊడవు కాబట్టి 3 మిల్లీమీటర్ల మార్జిన్ సరిపోతుంది. నీ నూలు గుడ్డకు మాత్రం 6 కంటే తగ్గించొద్దు.

బొమ్మ మూడేళ్లలోపు పిల్లలకైతే కళ్లకు గుండీలు, పూసలు పెట్టొద్దు, దారంతో కుట్టు. ఊడితే గొంతులో ఇరుక్కుంటాయి. ఈ ఒక్కదాంట్లో ఎవరు అందం అని చెప్పినా వినొద్దు.

ఈసారి పంపేటప్పుడు ప్రతి ముక్క మీదా తేదీ, ఎన్నో నమూనా, ఎన్ని కత్తిరించాలి, పోగు బాణం రాసి పంపు. విప్పిన నమూనా గుడ్డ ముక్కలు కూడా పారెయ్యకుండా కాగితాలతో కలిపి పెట్టు.

ఇట్లు,
నీ అత్తయ్య