పాత స్పోర్ట్స్ కారు మెగ్నీషియం చక్రాల పెయింట్ కింద తెల్లపొడి వస్తే ఏం చేయాలి?

బుడగలా లేచిన పెయింట్‌ను గోటితో గీకితే తెల్లపొడి రాలిందంటే మెగ్నీషియానికి తుప్పు పట్టినట్టే. పైన రంగేసి కప్పితే లోపల తినేస్తూనే ఉంటుంది.

టైరు విప్పి, మెగ్నీషియానికి పనికొచ్చే స్ట్రిప్పర్‌తో (పెయింట్ ఊడదీసే రసాయనం) పెయింట్ మెత్తబరిచి, ప్లాస్టిక్ పలకతో తీయండి. స్టీల్ గ్రిట్ (రాపిడికి వాడే ఉక్కు రవ్వ), ఇనుప బ్రష్ అసలొద్దు. లోహంలో ఇరుక్కున్న ఇనుప రేణువుకు తేమ తగిలితే చుట్టూ గుంట పడుతుంది. యాసిడ్ క్లీనర్లూ వద్దు.

తర్వాత డై పెనిట్రెంట్ పరీక్ష (పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవంతో వాటిని బయటపెట్టేది) చేయించండి. స్పోకుల మొదట్లోనో, బోల్టు రంధ్రాల దగ్గరో పగులు తాలూకు ఎర్రగీత తేలితే ఆ చక్రం ఇక గోడకు తగిలించుకోవడానికే. బాగుంటే తుప్పును అడ్డుకునే క్రోమేట్ పూత (విషపూరితం, నిపుణులకే వదలండి), ఆలస్యం చేయకుండా ఎపాక్సీ ప్రైమర్, ఆపై పెయింట్. బ్యాలెన్సింగ్‌కు క్లిప్పులు కాకుండా అతికించే బరువులు వాడండి. క్లిప్పు గీసిన చోటే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

రుద్దినప్పుడు రాలిన మెగ్నీషియం పొడికి నిప్పంటుకుంటే నీళ్లు పోయొద్దు, మంట ఎగదన్నుతుంది. లోహపు మంటలను ఆర్పే డి తరగతి పొడి పక్కనే ఉంచుకోండి.