ముందు తేదీ చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ పాత కంప్యూటర్‌లో లైనక్స్ సగం దాకా లేచి ఆగిపోతోందనీ, శనివారం డిస్కు తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాననీ నిన్న ఫోన్‌లో అన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. మొన్నటిదాకా నడిచిన సిస్టమ్ దానంతటది పాడవడం తక్కువ. ఇరవై ఏళ్ల మెషీన్‌లో మొరాయించేది ఎక్కువగా హార్డ్‌వేరే. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే రోగం అక్కడే ఉంటుంది, నీ ఫైళ్లు పోతాయి.

ముందు బయోస్‌లోకి (ఆన్ చెయ్యగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) వెళ్లి గడియారం ఏ సంవత్సరం చూపిస్తోందో చూడు. నవ్వకురా. మదర్‌బోర్డు మీద నాణెమంత బటన్ సెల్ ఉంటుంది, చాలా బోర్డుల్లో అది సీఆర్2032, 3 వోల్టులది. అది అయిపోతే ప్లగ్గు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు డిస్కు చివరిసారి మౌంటయిన (వాడకానికి తెరుచుకున్న) సమయం భవిష్యత్తులో ఉందని, డిస్కులో ఫైళ్ల అమరికని తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే గొడవ చేస్తుంది. సర్వర్ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదంటూ అప్‌డేట్లు దిగవు. తేదీతో పాటు బయోస్ సెట్టింగులూ పోతే బూట్ వరస మారుతుంది, సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే తీరు) మారుతుంది, లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌కి తన రూట్ డిస్కే (సిస్టమ్ ఉన్న డిస్కే) కనబడదు. చూడ్డానికి నాలుగు రోగాలు, మూలం ఒక్క సెల్లు. సెల్ మార్చాక తేదీతో పాటు ఆ సెట్టింగులూ మళ్లీ సరిచెయ్యాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

తేదీ సరిగ్గానే ఉంటే మెసేజ్‌లు చదువు. లైనక్స్‌ని లేపే గ్రబ్ మెనూలో 'ఈ' నొక్కి, కెర్నెల్ లైన్లో మెసేజ్‌లని దాచే 'క్వయట్', 'స్ప్లాష్' అన్న మాటలు తీసేసి బూట్ చెయ్యి. ఆ మార్పు ఆ ఒక్కసారికే, భయం లేదు. నువ్వు పంపిన ఫోటోలో 'కెర్నెల్ పానిక్' ఒక్కటే ఉంది. అది చావు కబురు. రోగం పేరు దానికి పై లైన్లలో ఉంటుంది, మొదట ఎర్రర్ ఎక్కడ వచ్చిందో అక్కడ.

అక్కడ డిస్కు ఐ/ఓ (చదవడం, రాయడం) ఎర్రర్లు కనిపిస్తే పెన్‌డ్రైవ్ మీంచి లైవ్ సిస్టమ్ లేపి, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ నడుపు. అందులో సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా చెడిన సార్ల) లెక్క రోజురోజుకీ పెరుగుతుంటే అనుమానం కేబుల్ మీద పెట్టు. డిస్కు ఐడీఈది (సాటాకి ముందు కాలం నాటి, వెడల్పాటి పట్టీ కేబుల్‌ది) అయితే 80 తీగల కేబులేనా చూడు. 40 తీగలది సెకనుకి 33 మెగాబైట్లు దాటిన వేగాలకి పనికిరాదు. పెండింగ్ సెక్టార్లు (చదవలేకపోతున్న ముక్కలు), రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై వేరే చోటికి మార్చినవి) పెరుగుతుంటే మాత్రం డిస్కే పోతోంది. అప్పుడు ముందు, పాడవుతున్న డిస్కు నుంచి డేటా లాగే డీడీరెస్క్యూతో వేరే డిస్కు మీదకి కాపీ తీసుకో. ఆ తర్వాతే ఎఫ్‌ఎస్‌సీకే, అదీ ఆ కాపీ మీద, మౌంట్ చెయ్యకుండా. ఇంత నొక్కి ఎందుకు చెబుతున్నానంటే, కుర్రతనంలో నేను మౌంటై ఉన్న డిస్కు మీదే ఎఫ్‌ఎస్‌సీకే నడిపాను. నా ఫైళ్లున్న హోమ్ డైరెక్టరీ అంతా, దిక్కులేని ఫైళ్లు చేరే లాస్ట్ అండ్ ఫౌండ్‌లో అంకెల పేర్లతో తేలింది. ఏ అంకె ఏ ఫైలో తెలుసుకోడానికి వారం పట్టింది, కొన్ని ఇప్పటికీ తెలియవు.

ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంటే మెమరీని అనుమానించు. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెట్టి పడుకో, పొద్దున చూడు. ఎర్రర్లు వస్తే స్టిక్కులు ఒక్కొక్కటే ఉంచి మళ్లీ పరీక్షించు. బోర్డు తెరిచినప్పుడు కెపాసిటర్ల (చిన్న డబ్బాల్లాంటి భాగాల) నెత్తి ఉబ్బిందేమో ఓ కన్నెయ్యి. ఆ కాలం బోర్డుల్లో అది మామూలే.

అప్‌గ్రేడ్ తర్వాతే ఈ గొడవ మొదలైతే ఇవన్నీ పక్కనపెట్టి గ్రబ్‌లో పాత కెర్నెల్ ఎంచుకుని చూడు. నీది 32 బిట్ ప్రాసెసర్ అయితే ఇంకో చిక్కుంది: 2025లో వచ్చిన డెబియన్ (లైనక్స్‌లో ఒక రకం) 13లో దానికి ఇన్‌స్టాలర్ లేదు, కెర్నెల్ లేదు. పాత వెర్షన్‌లోనే ఉండు, లేదంటే లైనక్స్ లాంటి మరో సిస్టమ్ నెట్‌బీఎస్‌డీ వైపు చూడు.

ఏది చేసినా ఒకసారికి ఒకటే మార్చి, కాగితం మీద రాసుకో. సెల్లూ కేబులూ కలిపి మార్చేస్తే బాగుపడినా దేనివల్లో తెలీదు.

ఇవాళ రాత్రికి బయోస్‌లో ఏ తేదీ ఉందో ఒక్క మెసేజ్ పెట్టు. ఈసారి ఫోటో తీస్తే పై లైన్లు తియ్యి.

మీ మామయ్య