డాక్టర్ సలహా: మెదడులో పురుగు తిత్తికి సొంతంగా మాత్రలా?

ప్రశ్న: నా వయసు 34, బరువు 60 కిలోలు. నెల కిందట నిద్రలో ఫిట్స్ వచ్చాయి. ఎమ్మారై తీస్తే మెదడు ఎడమ వైపు 12 మిల్లీమీటర్ల తిత్తి, చుట్టూ వాపు ఉన్నాయని, బద్దెపురుగు లార్వా కావచ్చని రిపోర్టులో రాశారు. ఫిట్స్ మాత్ర లెవెటిరాసెటమ్ 500 రోజుకు రెండుసార్లు వాడుతున్నాను. పురుగు మందు సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆగలేక ఆల్బెండజోల్ 400 కొనుక్కుని రోజుకొకటి చొప్పున మూడు రోజులు వేసుకున్నాను. అప్పటి నుంచి తలనొప్పి, రెండుసార్లు వాంతి అయింది. ఈ పురుగు మెదడు కణాలను తినేస్తుందా? పోయిన కణాలు మళ్లీ వస్తాయా? మాంసమే ముట్టని నాకు ఇదెలా వచ్చింది?

జవాబు: కణాల సంగతి తర్వాత. ముందు ఆ తలనొప్పి సంగతి చూడాలి. ఆల్బెండజోల్ మొదలుపెట్టాక కొత్తగా తలనొప్పి, వాంతులు వచ్చాయంటే తిత్తి చుట్టూ వాపు పెరిగిందేమోనని అనుమానించాల్సిందే. ఇవాళే మీ న్యూరాలజిస్టును కలవండి. మగత కమ్మినా, చూపు మసకబారినా, ఒకవైపు చెయ్యి, కాలు పట్టు తప్పినా, మళ్లీ ఫిట్స్ వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆల్బెండజోల్ ఇంకొకటి వేసుకోవద్దు. ఫిట్స్ మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. మీ స్కాన్ చూడకుండా రాస్తున్న మాటలివి, మిమ్మల్ని పరీక్షించే డాక్టరు చెప్పిందే పాటించండి.

తినేస్తుందా అని అడిగారు. బద్దెపురుగుకు నోరూ లేదు, పేగూ లేదు. ఒంటి మీది పొర ద్వారానే ఆహారం పీల్చుకుంటుంది. లార్వా మెదడులో నీటితిత్తిలా ఉండి, బతికున్నంత కాలం మన రోగనిరోధక వ్యవస్థను మభ్యపెట్టే పదార్థాలు వదులుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండిపోగలదు. గొడవంతా అది చావడం మొదలయ్యాకే. తిత్తి గోడ దెబ్బతిని లోపలి పదార్థాలు బయటికి కారతాయి, రోగనిరోధక కణాలు వాటి మీద పడతాయి. ఆ దాడిలో మెదడు రక్తనాళాల గట్టు సడలి చుట్టూ నీరు చేరుతుంది. న్యూరాన్ల (నాడీకణాల) చుట్టుపక్కల మిగిలిపోయి వాటిని రెచ్చగొట్టే పొటాషియం, గ్లుటమేట్‌లను ఎప్పటికప్పుడు ఊడ్చే ఆస్ట్రోసైట్ కణాలు ఆ పని సరిగా చేయలేవు. న్యూరాన్లు చిన్న ప్రేరణకే ఒక్కసారిగా రేగుతాయి, ఫిట్స్ వస్తాయి. అంటే మీ కణాలకు ఎక్కువ హాని చేసేది పురుగు కన్నా దాని మీద మీ శరీరం చేసే యుద్ధం.

ఆల్బెండజోల్ ఆ యుద్ధాన్ని తొందరపెడుతుంది. అందుకే అది మొదలుపెట్టే ముందే వాపు అదుపులో ఉండటానికి స్టెరాయిడ్లు ఇస్తాం. స్టెరాయిడ్లకు ముందు క్షయ, స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు లేవని చూసుకుంటాం, ఉంటే అవి విజృంభిస్తాయి. కంటి డాక్టరు చేత కనుగుడ్డు లోపల కూడా చూపిస్తాం. అక్కడ తిత్తి ఉండి మందుకు చస్తే ఆ వాపుకు చూపే పోవచ్చు. మందు వాడినన్నాళ్లూ రక్తకణాలు, లివర్ పరీక్షలు చేయిస్తూ ఉంటాం. తిత్తులు చాలా ఉండి మెదడంతా వాచినా, మెదడు గదుల్లో నీరు నిలిచినా పురుగు మందు జోలికే పోం, ముందు ఒత్తిడి తగ్గించాలి. తిత్తి అప్పటికే సున్నంలా గట్టిపడిందంటే పురుగు చచ్చినట్టే, దాన్ని మళ్లీ చంపడానికి మందెందుకు? మీ డాక్టరు ‘తర్వాత చూద్దాం’ అన్నది బహుశా ఇవన్నీ తేల్చుకోవడానికే.

ఇక మోతాదు. 400 మి.గ్రా. ఒక్క మాత్ర పేగులోని నులిపురుగులకు ఇచ్చేది. మెదడు తిత్తికి రోజుకు కిలో బరువుకు 15 మి.గ్రా. లెక్క, రెండు పూటలుగా, 10 నుంచి 14 రోజులు. మీ బరువుకు సాధారణంగా 400 చొప్పున రెండు పూటలు. అదీ కొవ్వున్న భోజనంతో వేసుకోవాలి, లేకుంటే ఒంటికి సరిగా పట్టదు. మీరు వేసుకున్నది సగం మోతాదు, పైగా రక్షణ ఏదీ లేకుండా. వాపు రేపడానికి చాలు, వైద్యానికి చాలదు. ఈ లెక్క చదివి మిగతా సగం పూర్తి చేయొద్దు సుమా.

ఇంకో మాట. తిత్తి లోపల తెల్లని చుక్కలా పురుగు తల కనిపించిందో లేదో మీరు రాయలేదు. కనిపిస్తే బద్దెపురుగేనని దాదాపు ఖాయం. కనిపించకపోతే క్షయ గడ్డ కూడా అలాగే ఉంగరంలా కనిపించవచ్చు, ఆ వైద్యం పూర్తిగా వేరు.

చచ్చిన న్యూరాన్లు చాలావరకు తిరిగి రావు. అయితే ఇంత చిన్న తిత్తి తెచ్చే ఇబ్బందిలో ఎక్కువ భాగం వాపుదే, వాపు తీస్తే తగ్గేదే. చాలామందిలో తిత్తి కొన్ని నెలల్లో కరిగిపోతుంది. కొందరిలో సున్నపు మచ్చ మిగిలి ఫిట్స్ మళ్లీ రావచ్చు. ఫిట్స్ మాత్ర ఎన్నాళ్లనేది తర్వాతి స్కాన్‌ను బట్టి డాక్టరు చెబుతారు, రావట్లేదు కదా అని మీరే ఆపేయొద్దు. ఆయన సరే అనేదాకా బండి నడపొద్దు, ఒంటరిగా ఈత కొట్టొద్దు, ఎత్తులెక్కొద్దు.

న్యూరాన్లను నేరుగా నాశనం చేసే పరాన్నజీవులు లేవని కాదు, ముక్కులో నుంచి మెదడుకెక్కే నేగ్లేరియా అమీబా అలాంటిదే. ఫాల్సిపారమ్ మలేరియా మాత్రం మెదడు కణాల్లోకి వెళ్లకుండానే సన్నని రక్తనాళాలను మూసేస్తుంది. మీది ఈ రెండూ కాదు.

మాంసం ముట్టకపోయినా ఇది వస్తుంది. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకెక్కేది ఆ పురుగు గుడ్డులోంచి వచ్చే లార్వా, ఆ గుడ్డు మనిషి మలం నుంచి చేతులు, నీరు, పచ్చి కూరల మీదుగా నోట్లోకి చేరుతుంది. మీకు వంట చేసే వాళ్లతో సహా ఇంట్లో అందరికీ వేర్వేరు రోజుల్లో మూడుసార్లు మల పరీక్ష చేయించండి. ఎవరికైనా పురుగు ఉందని తేలితే ఆ మందూ డాక్టరే రాయాలి. పేగు పురుగుకిచ్చే ప్రాజిక్వాంటెల్ తెలియకుండా మెదడులో తిత్తులున్న వాళ్లకు ఫిట్స్ తెప్పించగలదు.

వెళ్లేటప్పుడు రిపోర్టు ఒక్కటే కాదు, స్కాన్ సీడీ, మీరు వేసుకున్న మాత్రల స్ట్రిప్పు పట్టుకెళ్లండి. ఏ రోజు ఎన్ని గంటలకు మాత్ర వేసుకున్నారో, తలనొప్పి ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసుకుని ఇవ్వండి.